ఓఆర్ఆర్ సిమ్యులేషన్‌లో ఏఓడీవీ ఎందుకు కూలిపోతోంది? కదిలే బండ్ల మధ్య డేటా నమ్మకంగా చేరేదెలా?

సుమో_రాత్రులు · సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్తే. ఎంటెక్ రెండో ఏడాది చదువుతున్నా, వరంగల్ వైపు. నా ప్రాజెక్టు వాహనాల అడ్‌హాక్ నెట్‌వర్క్ మీద. టవర్ సాయం లేకుండా బండి నుంచి బండికి ప్యాకెట్లు అందించుకుంటూ పోవడం అన్నమాట. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డును (ఓఆర్ఆర్) ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ నుంచి దించుకుని, గచ్చిబౌలి–శంషాబాద్ మధ్య భాగాన్ని సుమో అనే ట్రాఫిక్ సిమ్యులేటర్‌లో పెట్టాను. ఆ ట్రేస్‌ను (బండ్ల కదలికల రికార్డు) ఎన్ఎస్-3 అనే నెట్‌వర్క్ సిమ్యులేటర్‌కి ఇచ్చాను. రేడియో 802.11పీ (బండ్ల కోసం చేసిన వైఫై రకం), రూటింగ్ ఏఓడీవీ (అవసరమైనప్పుడే దారి వెతికే ప్రోటోకాల్), విలువలన్నీ డిఫాల్ట్.

వేగం 40లో ఉంటే పర్లేదు. 100, 120కి వచ్చేసరికి ప్యాకెట్ డెలివరీ రేషియో (పంపినవాటిలో చేరినవాటి వంతు) ఘోరంగా పడిపోతోంది. బండ్ల సంఖ్య పెంచితే కొంచెం లేస్తుంది, ఇంకా పెంచితే మళ్ళీ పడుతుంది. మా గైడ్ గారేమో "కొత్త ప్రోటోకాల్ ఒకటి ప్రపోజ్ చెయ్, పేపర్ వస్తుంది" అంటున్నారు. ఉన్నదెందుకు పడుతోందో తెలియకుండా కొత్తది కట్టాలంటే మనసు ఒప్పడం లేదు. రివ్యూ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. ఈ పని చేసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

వాగ్దేవి_ఈసీఈ · సోమవారం, రాత్రి 11:48

ముందు నాలుగు సంగతులు చెప్పు బాబూ. రేడియోకి ఏ ప్రాపగేషన్ మోడల్ (సిగ్నల్ ఎంత దూరం ఎలా అందుతుందో చెప్పే లెక్క) వాడావు? పంపే బండికీ అందుకునే బండికీ మధ్య దూరమెంత? బండ్ల మధ్య సగటు ఎడం ఎంత పెట్టావు? ఎదురు వైపు ట్రాఫిక్ ఉందా, ఒక్క వైపేనా?

ఇంకోటి కూడా చూసుకో. సుమో ట్రేస్‌ను ఎన్ఎస్-2 రూపంలోకి మార్చి ఎన్ఎస్-3కి ఇచ్చేవాళ్ళందరికీ తగిలే చిక్కే ఇది. ఇంకా రోడ్డెక్కని బండి, అప్పటికే దిగిపోయిన బండి కూడా అక్కడ నోడ్లుగా బతికే ఉంటాయి. వాటి రేడియో ఆన్‌లోనే ఉంటుంది. ఎక్కే ర్యాంప్ దగ్గర కొన్ని, దిగే ర్యాంప్ దగ్గర కొన్ని కదలకుండా కుప్పగా నిలబడి హలోలు (నేనున్నానని పక్కవాళ్ళకి చెప్పే చిన్న సందేశాలు) పంపుతూ ఉంటాయి. కదలని నోడ్ కాబట్టి ఏఓడీవీకి వాటి మీదుగా వెళ్ళే దారి గట్టిగా కనిపిస్తుంది. ఫలితాలు ఎటైనా వంకర పోవచ్చు.

స్టుట్‌గార్ట్_శీను · మంగళవారం, తెల్లవారుజామున 2:15

తమ్ముడూ, నేను ఇక్కడ కార్ల కమ్యూనికేషన్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను. నీ డిఫాల్ట్ విలువల దగ్గరే మొదలుపెడదాం.

ఏఓడీవీని నిర్వచించిన పత్రం ఆర్ఎఫ్‌సీ 3561 వచ్చింది 2003 జూలైలో. అది రాసినవాళ్ళ మనసులో ఉన్నది హైవే కాదు. అందులో హలో సందేశం సెకనుకు ఒకటి. రెండు హలోలు రాకపోతేనే పక్కవాడు పోయినట్టు లెక్క. వాడకంలో ఉన్న దారికి 3 సెకన్ల ఆయుష్షు. ఇప్పుడు నీ రోడ్డు మీద చూడు. ఎదురెదురుగా గంటకు 100 చొప్పున పోయే రెండు కార్ల మధ్య దూరం సెకనుకు 55 మీటర్ల పైనే మారుతుంది. లింక్ తెగిందని హలో ద్వారా తెలుసుకునే 2 సెకన్లలో 110 మీటర్లు. రేడియో రేంజ్ 300 మీటర్లు అనుకుంటే, ఆ రెండు కార్లు ఒకదానికొకటి వినపడే మొత్తం సమయం 11 సెకన్లు కూడా ఉండదు.

ఎన్ఎస్-3లో ఏఓడీవీ కింది పొర నుంచి వచ్చే ఏసీకే (అందిందన్న రసీదు) వైఫల్యాన్ని కూడా గమనిస్తుంది. కాబట్టి డేటా పోతున్న లింక్ తెగితే 2 సెకన్లు ఆగకుండానే తెలుస్తుంది. తెలిసి మాత్రం ఏం చేస్తుంది? మళ్ళీ రూట్ రిక్వెస్ట్‌ను అందరికీ చాటుతుంది. విన్న ప్రతి బండీ దాన్ని తిరిగి చాటుతుంది. దీన్ని బ్రాడ్‌కాస్ట్ తుఫాను అని 1999లోనే పేపర్ రాసి హెచ్చరించారు. బండ్లు పెంచితే లేచి మళ్ళీ పడటానికి సగం కారణం ఇదే. తక్కువ బండ్లున్నప్పుడు దారే దొరకదు, ఎక్కువైతే దారి వెతికే గోలలో డేటాకి చోటుండదు.

అసలు రోగం ఇంకా లోపల ఉంది. ఏఓడీవీ తక్కువ హాపులున్న (బండి నుంచి బండికి ఒక్కో గెంతు ఒక హాప్) దారిని ఎంచుతుంది. తక్కువ హాపులు అంటే ఒక్కో హాప్ వీలైనంత పొడుగు. వీలైనంత పొడుగు అంటే రేంజ్ అంచున ఉన్న బండి. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న ప్యాసింజర్లనే ఏరి వాళ్ళ చేతికి సామాను ఇచ్చినట్టు. ముందు జారేది వాళ్ళే.

ఒక లెక్క చూపిస్తా. నువ్వు 'ఏ' అనే బండిలో ఉన్నావనుకో. బీ నీకంటే 250 మీటర్లు ముందుంది, నీకంటే 20 ఎక్కువ వేగంతో పోతోంది. సీ నీకు 120 మీటర్లు ముందుంది, నీకంటే 10 తక్కువ వేగం. ఏఓడీవీ, దూరం చూసే గ్రీడీ పద్ధతి, రెండూ బీనే ఎంచుతాయి. బీ ఇంకో 50 మీటర్లు జరిగితే రేంజ్ దాటుతుంది, అంటే 9 సెకన్లు. సీ మాత్రం నీ దగ్గరికి వచ్చి, నిన్ను దాటనిచ్చి, వెనక 300 మీటర్లకు చేరాలి. 420 మీటర్లు, సుమారు 150 సెకన్లు. ఈ రెండు అంకెలు తీయడానికి కావాల్సింది స్థానం, వేగం, దిశ. అవి బీకన్‌లో (ప్రతి బండీ తరచూ చాటే చిన్న సందేశం) ఎలాగూ వస్తాయి. నీ కొత్త ప్రోటోకాల్ అంతా ఈ ఒక్క లెక్కలో ఉండొచ్చు.

టవర్_టైగర్ · మంగళవారం, ఉదయం 8:05

పొద్దున్నే చదివాను. పదిహేనేళ్ళుగా టెలికాం ఫీల్డులో ఉన్నవాడిగా ఒక మాట. ఓఆర్ఆర్ పొడవునా 4జీ, 5జీ ఉన్నాయి. కారు టవర్‌కి పంపుతుంది, టవర్ ఇంకో కారుకి పంపుతుంది. అయిపోయింది. అయిదు కార్ల చేతులు మారి మూడు కిలోమీటర్లు పోయే డేటా ఎవరికి కావాలి? ఇరవై ఏళ్ళుగా ఇదే టాపిక్ మీద ప్రతి కాలేజీలో ప్రాజెక్టులు. రోడ్డు మీద ఒక్క కారులోనైనా చూశారా?

సుమో_రాత్రులు · మంగళవారం, మధ్యాహ్నం 1:30

మేడమ్, మీరడిగినవి: ప్రాపగేషన్‌కి రేంజ్ మోడల్, 300 మీటర్లు. లోపలుంటే వంద శాతం, బయటుంటే సున్నా. సోర్స్, డెస్టినేషన్ మధ్య 3 కిలోమీటర్లు. సగటు ఎడం 100 మీటర్లు. ఒక్క వైపు ట్రాఫిక్కే. ట్రేస్ తెరిచి చూస్తే గచ్చిబౌలి ర్యాంప్ దగ్గర నిలబడిపోయిన నోడ్ల గుంపు ఉంది. రోడ్డు మీద లేని బండికి రేడియో ఆపేసేలా చిన్న స్క్రిప్ట్ రాస్తున్నా.

శీనన్నా, బీ–సీ లెక్క బ్రహ్మాండం. గైడ్ గారికి ఇదే చూపిస్తా.

వాగ్దేవి_ఈసీఈ · మంగళవారం, మధ్యాహ్నం 2:10

ఇప్పుడు అర్థమైంది. నీ ఏఓడీవీని తిట్టే ముందు ఈ లెక్క చెయ్యి.

బండ్ల మధ్య ఎడాలు ఎక్స్‌పోనెన్షియల్ పంపకంలో ఉన్నాయనుకుందాం, పల్చటి ట్రాఫిక్‌కి అది బాగానే సరిపోతుంది. సగటు ఎడం 100 మీటర్లు, రేంజ్ 300. ఏదైనా ఒక ఎడం 300 దాటే అవకాశం ఈ టు ది పవర్ మైనస్ 3, అంటే 5 శాతం. చిన్నదే అనిపిస్తుంది. 3 కిలోమీటర్లలో అలాంటి ఎడాలు 30 ఉంటాయి. ముప్పైలో ఒక్కటి కూడా 300 దాటకుండా ఉండే అవకాశం 0.95ను 30 సార్లు గుణిస్తే వచ్చేది, దాదాపు 22 శాతం. అంటే నూటికి 78 సార్లు గొలుసు మధ్యలో ఎక్కడో తెగే ఉంది. అక్కడ ఏ ప్రోటోకాల్ పెట్టినా, సాక్షాత్తు నారదుడే వచ్చినా ఆ క్షణంలో ప్యాకెట్ చేరదు.

సగటు ఎడం 50 మీటర్లు చేసి చూడు. ఒక ఎడం తెగే అవకాశం పావు శాతం. అరవై ఎడాలు కలిపి గొలుసు నిలబడే అవకాశం 86 శాతం. అంటే రద్దీ రెండింతలైతే 22 నుంచి 86కి పోయింది. ఈ గోడను ఎక్కడ దాటుతున్నావో తెలియకుండా రెండు ప్రోటోకాల్స్‌ను పోల్చడంలో అర్థం లేదు.

ఎదురు వైపు ట్రాఫిక్ కలిపితే సగటు ఎడం దానంతటదే 50కి వస్తుంది. కానీ శీను గారు చెప్పినట్టు ఎదురు బండితో లింక్ 11 సెకన్లలోపే. ఒకే వైపు పోయే బండ్లతో లింకులు నిలబడతాయి, కానీ ఎడాలు పూడవు. ఎదురు బండ్లతో ఎడాలు పూడతాయి, కానీ లింకులు నిలబడవు. నీ థీసిస్ అంతా ఈ రెండింటి మధ్యే ఉంది. దేనికి ఎప్పుడు మొగ్గాలన్నదే ప్రశ్న.

లింక్‌బడ్జెట్ · మంగళవారం, సాయంత్రం 6:40

ఆ రేంజ్ మోడల్‌ని వెంటనే తీసేయ్ బ్రో. గాల్లో 300 మీటర్ల దగ్గర గీత ఎవరూ గీయలేదు. 250 దగ్గర పదిలో ఆరు వస్తాయి, 350 దగ్గర పదిలో రెండు వస్తాయి, మధ్యలో లారీ దూరితే 100 దగ్గరే పోతాయి. 5.9 గిగాహెర్ట్జ్ అంటే లోహపు డబ్బాలకు బాగా భయపడే బ్యాండ్. యాంటెన్నా కారు టాప్ మీద, పక్కన కంటైనర్ ట్రక్. ఓఆర్ఆర్ మీద వాటికి కొదవా?

నకగామి మోడల్ (సిగ్నల్ క్షణక్షణం హెచ్చుతగ్గులవడాన్ని, అంటే ఫేడింగ్‌ను చూపేది) పెట్టు. గమనిక: ఎన్ఎస్-3లో నకగామి ఒక్కటే పెడితే ఫేడింగ్ వస్తుంది కానీ దూరంతో సిగ్నల్ తగ్గడం రాదు. లాగ్ డిస్టెన్స్ లాంటి మోడల్‌ను ముందు పెట్టి దానికి నకగామిని గొలుసు కట్టాలి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

ఇంకో తిరకాసు. రూట్ రిక్వెస్ట్, హలో ఇవన్నీ బ్రాడ్‌కాస్ట్‌గా, తక్కువ రేటులో పోతాయి. చిన్న ప్యాకెట్లు, నెమ్మది రేటు కాబట్టి దూరం వినపడతాయి. డేటా పెద్దది, పై రేటులో పోతుంది, అంత దూరం అందదు. హలో వినపడింది కాబట్టి పక్కవాడే అనుకుంటుంది, డేటా పంపితే చేరదు. వీటిని గ్రే జోన్లు అంటారు, 2002లోనే ఒక స్వీడన్ టీమ్ ఏఓడీవీ మీద కొలిచి చూపించింది. హలోకి, డేటాకి ఒకే రేటు పెట్టి చూడు, తేడా తెలుస్తుంది.

కాబట్టి శీను గారి బీ–సీ లెక్క బాగుంది కానీ అది జీపీఎస్ చెప్పే జామెట్రీ మాత్రమే. స్థానం, వేగం బట్టి లింక్ 150 సెకన్లు ఉంటుందని చెప్పినంత మాత్రాన రేడియో ఒప్పుకోవాలని లేదు.

స్టుట్‌గార్ట్_శీను · మంగళవారం, రాత్రి 9:55

లింక్‌బడ్జెట్ గారితో ఏకీభవిస్తా, సగం వరకు. జామెట్రీ ఒక్కటే చాలదు. ఆ బండి నుంచి ఇటీవల రావాల్సిన బీకన్లలో ఎన్ని వచ్చాయో కూడా లెక్కపెట్టి రెండూ కలపాలి. పదిలో తొమ్మిది వస్తున్నాయి, జామెట్రీ కూడా అరవై సెకన్లు ఉంటుందంటోంది, అప్పుడు అది మంచి లింక్. ఈటీఎక్స్ కొలమానం (ఒక ప్యాకెట్ చేరడానికి ఎన్నిసార్లు పంపాలన్న అంచనా) పుట్టింది ఈ మొదటి సగం నుంచే, కదలని మెష్ నెట్‌వర్కుల కోసం 2003లో. కదిలేచోట దాని బలహీనత ఏంటంటే అది గతాన్ని మాత్రమే చూస్తుంది. సగటు తీసేలోపే బండి వెళ్ళిపోతుంది.

హాపుల లెక్క కూడా చూడండి. ఒక్కో లింక్ 90 శాతం అయితే అయిదు హాపుల దారి 59 శాతం. ఒక్కో హాప్ దగ్గర మూడు సార్లు ప్రయత్నిస్తే 99 దాటుతుంది. అందుకని కాగితం మీద అందరి ప్రోటోకాలూ బాగానే ఉంటుంది. కానీ మధ్యలో లారీ ఉండి సిగ్నల్ పోతే, మూడు ప్రయత్నాలూ మిల్లీసెకన్ల తేడాతో అదే లారీ వెనకే జరుగుతాయి. మూడూ కలిసే పోతాయి. విడివిడి పాచికలు వేసినట్టు లెక్క కట్టకూడదు.

ఇక టవర్_టైగర్ గారికి. రోడ్డు మీద ఉంది సార్. 2017 క్యాడిలాక్ సీటీఎస్‌లో బండి–బండి రేడియో వచ్చింది. యూరప్‌లో 2019 నుంచి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఎనిమిదో తరంలో 802.11పీ ఉంది. నేను రోజూ చూసేవే. అయితే మీరు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది: ఆ కార్లు చేసే ముఖ్యమైన పనిలో రూటింగ్ అనేదే లేదు. నేనిక్కడున్నాను, ఇంత వేగంతో పోతున్నాను అని ప్రతి కారూ సెకనుకు 1 నుంచి 10 సార్లు చుట్టుపక్కలకి చాటుతుంది. ఒక్క హాప్. దాన్ని ఎవరూ ముందుకు పంపరు. ఏసీకే కూడా ఉండదు, చాటింపుకి రసీదులు ఎవరిస్తారు?

హాపులు దాటేది ప్రమాద హెచ్చరిక లాంటివే. "ఇక్కడ యాక్సిడెంట్ అయింది, వెనక రెండు కిలోమీటర్ల వరకు చెప్పండి" అన్నది ఒక బండికి కాదు, ఒక ప్రదేశానికి పంపే సందేశం. యూరప్ జియోనెట్‌వర్కింగ్ స్టాండర్డ్‌లో దీనికి ఒక పద్ధతి నాకు చాలా ఇష్టం, పోటీ పడి ముందుకు పంపడం. పంపేవాడు తర్వాతి బండిని ఎంచడు. అందరూ వింటారు. విన్న ప్రతి బండీ ఒక టైమర్ పెట్టుకుంటుంది. పంపినవాడికి దూరంగా ఉన్నవాడికి చిన్న టైమర్, దగ్గరున్నవాడికి పెద్దది, 1 నుంచి 100 మిల్లీసెకన్ల మధ్యలో. ముందు టైమర్ అయినవాడు పంపుతాడు, అది విన్న మిగతావాళ్ళు తమది రద్దు చేసుకుంటారు.

ఇందులో గొప్ప ఏంటంటే, పక్కవాళ్ళ పట్టిక పాతబడిందన్న బెంగ లేదు. పంపేముందు ఎవరున్నారో తెలియనక్కర్లేదు. నిజంగా విన్నవాడే ముందుకు పంపుతాడు. లింక్ ఉందా లేదా అన్న జోస్యం అవసరమే లేదు, లింక్ పనిచేశాకే ఎంపిక జరుగుతుంది. దూరంగా ఉన్న బండికి అందకపోతే దాని తర్వాతి దూరంలో ఉన్నవాడు పంపుతాడు. బీ–సీ లెక్క కంటే హెచ్చరికలకి ఇది మేలు.

టవర్_టైగర్ · మంగళవారం, రాత్రి 10:30

సరే, హెచ్చరికలకి ఒప్పుకుంటా. కానీ మీ బ్యాండ్ కథ కూడా చెప్పండి. అమెరికాలో 1999లో 75 మెగాహెర్ట్జ్ ఇచ్చారు. ఇరవై ఏళ్ళు దాదాపు ఖాళీగా ఉంచారు. 2020లో అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దాన్ని కోసి 30 మిగిల్చింది, అది కూడా సెల్యులార్ టెక్నాలజీకి. చివరికి గెలిచింది మావాళ్ళే 😀

స్టుట్‌గార్ట్_శీను · మంగళవారం, రాత్రి 10:52

అమెరికాలో మీరే గెలిచారు, కాదనను. కానీ ఆ సెల్యులార్ టెక్నాలజీలో కూడా కార్లు టవర్ ద్వారా మాట్లాడుకోవు. మొబైల్ స్టాండర్డ్‌లు రాసే 3జీపీపీ, రిలీజ్ 14లో బండ్ల కోసం పెట్టిన పీసీ5 సైడ్‌లింక్ అంటే బండి నుంచి నేరుగా బండికే. టవర్ లేనిచోట మోడ్ 4లో బండ్లే తమ స్లాట్లు తామే ఎంచుకుంటాయి. రిలీజ్ 16లో యూనికాస్ట్‌కి, గ్రూప్‌కాస్ట్‌కి హార్క్ ఫీడ్‌బ్యాక్ కూడా వచ్చింది. అంటే చేరిందా లేదా అని అందుకున్న బండి నుంచి తిరుగు కబురు. "నమ్మకంగా చేరడం" అన్నదాన్ని రూటింగ్ నుంచి కిందకి, రేడియో పొరలోకి దించారన్నమాట.

పాత_సిగ్నల్ · బుధవారం, ఉదయం 6:20

నేను రైల్వే సిగ్నల్ అండ్ టెలికాంలో చేసి రిటైరైనవాణ్ణి. మీ చర్చ ఆసక్తిగా ఉంది. కదిలే బండ్ల మధ్య నమ్మకమైన సందేశం అనగానే మాకు కవచ్ (రైళ్ళు ఢీకొనకుండా ఆపే వ్యవస్థ) గుర్తొస్తుంది. దక్షిణ మధ్య రైల్వేలోనే పెరిగిన వ్యవస్థ అది. 2022 మార్చిలో గుల్లగూడ–చిట్‌గిద్ద మధ్య రైల్వే మంత్రి ఇంజన్లో ఉండగా రెండు ఇంజన్లను ఎదురెదురుగా పంపి పరీక్షించారు.

అందులో ఇంజన్ల మధ్య చేతులు మారే దారులు వెతకడం ఉండదు నాయనా. ఇంజన్ యూహెచ్ఎఫ్ రేడియోలో స్టేషన్‌తో మాట్లాడుతుంది, పక్కన టవర్లు కట్టుకుంటూ పోయాం. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో టైమ్ స్లాట్లు ఉంటాయి. ఎక్కడున్నామో పట్టాల మధ్య ఉన్న ఆర్ఎఫ్ఐడీ ట్యాగులు చెబుతాయి, జీపీఎస్ మీద వదిలేయలేదు. అన్నిటికన్నా ముఖ్యం, సందేశం రాకపోతే ఏం చేయాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. రేడియో పోతే ఇంజన్ పాత అనుమతి పట్టుకుని పరుగెత్తదు, జాగ్రత్త వైపు పడుతుంది.

మీ రోడ్డు వాళ్ళు ఎంతసేపూ ఎన్ని ప్యాకెట్లు చేరాయని లెక్కపెడుతున్నారు. చేరని క్షణంలో బండి ఏం చేస్తుందో ఎవరూ రాయడం లేదు.

వాగ్దేవి_ఈసీఈ · బుధవారం, ఉదయం 9:15

సార్ చెప్పింది రాసి పెట్టుకో బాబూ. డెలివరీ రేషియో ఒక్క అంకెతో రివ్యూకి వెళ్ళకు. సెకనుకు 10 బీకన్లలో 90 శాతం చేరాయంటే, ప్రతి పదిలో ఒకటి పోయిందా, లేక వరసగా ముప్పై పోయి మిగతావన్నీ వచ్చాయా? రెండింటికీ అంకె ఒకటే. మొదటిది ఏమీ కాదు. రెండోది 3 సెకన్ల గుడ్డితనం, 100 వేగంలో 83 మీటర్లు. ఒక సందేశానికీ తర్వాతి సందేశానికీ మధ్య గ్యాప్ ఎంత, దాని గ్రాఫ్ గీయి. తోక ఎంత పొడుగుందో చూపించు.

పటాన్‌చెరు_ప్యాసింజర్ · బుధవారం, మధ్యాహ్నం 12:40

అందరూ "ఆ క్షణంలో" దారి ఉందా లేదా అంటున్నారు. దారి లేకపోతే ఆగొచ్చు కదా? మేడమ్ లెక్కలో 78 శాతం సార్లు గొలుసు తెగి ఉంది, సరే. ప్యాకెట్‌ను పారేయకుండా బండిలోనే పెట్టుకుని మోసుకెళ్ళు. ముందు ఎవరైనా తగిలినప్పుడు ఇవ్వు. ఎదురు బండి 11 సెకన్లే తగిలినా ఆ 11 సెకన్లలో చాలా డేటా పోతుంది.

ఇది ఊహ కాదు. 2000ల మొదట్లో కర్ణాటకలో, దొడ్డబళ్ళాపురం దగ్గర డాక్‌నెట్ అని చేశారు. ఊరి కియోస్క్‌లో భూమి రికార్డుల అర్జీ పెడితే అది అక్కడే ఆగి ఉంటుంది. వైఫై పెట్టె ఉన్న బస్సు ఊళ్ళోకి రాగానే ఎక్కుతుంది, పట్నం చేరగానే దిగుతుంది. జవాబు తిరుగు బస్సులో. అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ వాళ్ళు ఆమ్హర్స్ట్ సిటీ బస్సులతో డీజిల్‌నెట్ అని నడిపి, దాని మీదే మ్యాక్స్‌ప్రాప్ రూటింగ్ 2006లో రాశారు.

మన ఆర్టీసీ బస్సుకి రూటు తెలుసు, టైము కూడా ఇంచుమించు తెలుసు (ఇంచుమించు!). కారు ఎటు తిరుగుతుందో ఎవరికి తెలుసు? బస్సు మీదుగా పంపే దారిని ఎవరైనా జోస్యం లేకుండానే చెప్పగలరు. రోడ్డు గుంతల ఫోటోలు, బండి సెన్సార్ లాగ్‌లు, ఇలాంటివి గంట ఆలస్యమైనా పోయేదేం లేదు.

టవర్_టైగర్ · బుధవారం, మధ్యాహ్నం 1:05

గంట ఆగగలిగే డేటాని కవరేజీ వచ్చేదాకా ఆపి నాకే పంపొచ్చుగా?

పటాన్‌చెరు_ప్యాసింజర్ · బుధవారం, మధ్యాహ్నం 1:20

పంపొచ్చు. ఓఆర్ఆర్ మీద అదే చేస్తా. శ్రీశైలం రోడ్డులో నల్లమల లోపల కారు చెడిపోయి, ఫోన్ సిగ్నల్ లేక కూర్చున్నవాడు ఏం చేయాలి? అక్కడ ఎదురొచ్చే బండే టవర్.

టవర్_టైగర్ · బుధవారం, మధ్యాహ్నం 1:34

రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూరు గేటు మూసేస్తారు కదా. ఎదురు బండే రాదు. పొద్దున దాకా మీ ప్యాకెట్ పులులకి చెప్పుకోవాలి 😀 పగలైతే మాత్రం ఒప్పుకుంటా, ఆ రోడ్డు మీద నా దగ్గర జవాబు లేదు.

లింక్‌బడ్జెట్ · బుధవారం, సాయంత్రం 7:10

సిటీలోకి వచ్చేవాళ్ళకి ఒక హెచ్చరిక. స్థానాన్ని బట్టి పంపే పద్ధతులకి పెద్దన్న జీపీఎస్ఆర్, 2000లో కార్ప్, కుంగ్ రాశారు. గమ్యానికి దగ్గరగా ఉన్న పక్కవాడికి ఇవ్వు, అలాంటివాడు లేకపోతే కుడిచేతి నియమంతో ఖాళీ చుట్టూ తిరుగు. ఖాళీ మైదానంలో చక్కగా ఉంటుంది. వీధుల్లో బిల్డింగులు అడ్డం. అందుకే తర్వాతివాళ్ళు జంక్షన్ దగ్గరున్న బండికే మలుపు తిప్పే బాధ్యత ఇచ్చారు.

హైదరాబాద్‌లో ఇంకో చిక్కు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే, 11 కిలోమీటర్ల పైన ఫ్లైఓవర్. పైన కారు, కింద ఆటో. మ్యాప్‌లో ఇద్దరి మధ్య దూరం సున్నా. మధ్యలో కాంక్రీటు. పై బండి ముందు ర్యాంప్ దాకా కిందకి దిగలేదు కాబట్టి రూటు కూడా వేరు. రెండు డైమెన్షన్ల స్థానం చూసే ఏ ప్రోటోకాలైనా ఇక్కడ తప్పు పక్కవాణ్ణి ఎంచుతుంది. బీకన్‌లో ఎత్తు లేదా రోడ్డు గుర్తింపు పెట్టుకోవాల్సిందే.

సుమో_రాత్రులు · గురువారం, రాత్రి 12:25

అందరికీ దండాలు. నిలబడిపోయిన నోడ్ల రేడియో ఆపేసి, ఎదురు వైపు ట్రాఫిక్ కలిపి, లాగ్ డిస్టెన్స్ మీద నకగామి పెట్టి మళ్ళీ నడిపాను. ఏఓడీవీ గ్రాఫ్ ఆకారమే మారిపోయింది. తక్కువ వేగంలో ముందు కనిపించిన మంచితనంలో చాలా భాగం ఆ ర్యాంప్ దగ్గరి నోడ్లదే.

ఇప్పుడు అనుకుంటున్నది ఇది. ఒకే వైపు పోయే బండ్లలో మిగిలిన లింక్ ఆయుష్షు, బీకన్ల రాక రెండూ చూసి తర్వాతి బండిని ఎంచడం. అలాంటిది దొరక్కపోతే ఎదురు బండికి ఇవ్వడం. అదీ లేకపోతే గడువు దాకా మోసుకెళ్ళడం. ఏఓడీవీ, జీపీఎస్ఆర్‌లతో పోలుస్తా. సరిపోతుందా?

వాగ్దేవి_ఈసీఈ · గురువారం, ఉదయం 8:50

ఇంకొక గీత కలుపు. ప్రతి ప్యాకెట్ బయలుదేరిన క్షణంలో సోర్స్ నుంచి డెస్టినేషన్‌కి దారి అసలు ఉందా లేదా అని ట్రేస్ నుంచే లెక్కకట్టు. అది మోసుకెళ్ళని ఏ ప్రోటోకాలూ పెద్దగా దాటలేని పైకప్పు. నీ గీత ఆ పైకప్పుకి ఎంత దగ్గరుందో చూపిస్తే, పక్కవాడి గీతకంటే ఎంత పైనుందో చూపించడం కంటే ఎక్కువ విలువ. మోసుకెళ్ళే పద్ధతి పైకప్పు దాటుతుంది, దానికి ఆలస్యం ఎంత కట్టావో పక్కనే పెట్టు. ఒక్క సీడ్‌తో (సిమ్యులేషన్‌లోని యాదృచ్ఛిక అంకెలకు మొదలు) నడిపి గ్రాఫ్ గీయకు, చాలా సీడ్లతో నడిపి ఎర్రర్ బార్లు వెయ్యి.

టవర్_టైగర్ · గురువారం, ఉదయం 9:30

నా గీత కూడా పెట్టు తమ్ముడూ. అదే డేటాని ఎల్‌టీఈ ద్వారా పంపితే ఎంత వస్తుందో. లేకపోతే రివ్యూలో నాలాంటివాడు ఎవరో ఒకరు అడుగుతాడు.

స్టుట్‌గార్ట్_శీను · గురువారం, మధ్యాహ్నం 3:05

రద్దీ వైపు కూడా ఒక పాయింట్ పెట్టు, అందరూ పల్చటి రోడ్డు దగ్గరే ఆగిపోతారు. ఒక్కో బీకన్ 300 బైట్లు, సెకనుకు 10. బండికి 24 కిలోబిట్లు. గచ్చిబౌలి జంక్షన్‌లో సాయంత్రం ఒకరికొకరు వినపడే బండ్లు 200 అనుకో, 4.8 మెగాబిట్లు. 802.11పీలో మామూలుగా వాడే రేటు 6 మెగాబిట్లు, హెడర్లు, ఎదురుచూపులు పోను అందులో అంత మిగలదు. అంటే బీకన్లతోనే ఛానల్ నిండిపోయింది, నీ డేటా ఇంకా మొదలే కాలేదు. అందుకే ఇక్కడి స్టాండర్డ్‌లో ఛానల్ ఎంత నిండిందో కొలిచి బీకన్ల వేగం తగ్గించే నియంత్రణ ఉంది. బీకన్లు తగ్గితే నీ లింక్ ఆయుష్షు అంచనా పాతబడుతుంది. ఈ ముడి నీ ప్రోటోకాల్లో కూడా వస్తుంది, బీకన్ విరామాన్ని మార్చి ఒక గ్రాఫ్ తియ్యి.

సుమో_రాత్రులు · గురువారం, రాత్రి 9:40

పెడతాను అన్నా, టైగర్ అన్నది కూడా. ఆఖరి ప్రశ్న. రివ్యూలో సెక్యూరిటీ అడిగితే? ఎవడైనా తన స్థానం అబద్ధం చెబితే నా లెక్క అంతా పోతుంది కదా.

స్టుట్‌గార్ట్_శీను · గురువారం, రాత్రి 11:15

పోతుంది. నేను గమ్యం పక్కనే ఉన్నాను అని అబద్ధం చెప్పేవాడికి గ్రీడీ పద్ధతులన్నీ ప్యాకెట్లు తెచ్చి ఇస్తాయి. ఒకే పెట్టె పది బండ్లలా నటించొచ్చు కూడా. నిజమైన వ్యవస్థల్లో ప్రతి సందేశానికీ డిజిటల్ సంతకం ఉంటుంది, సర్టిఫికెట్లను తరచూ మారుస్తారు, బండి ఎటుపోతుందో ఎవరూ వెంటాడకుండా. కానీ సంతకం ఎవరు చెప్పారో రుజువు చేస్తుంది, చెప్పింది నిజమో కాదో చెప్పదు. రేంజ్ 300 అయినప్పుడు 900 మీటర్ల దూరం నుంచి వినపడ్డానన్నవాణ్ణి, సెకనులో అర కిలోమీటరు గెంతినవాణ్ణి పక్కన పెట్టేలాంటి చిన్న చిన్న తనిఖీలు పెట్టొచ్చు. నీ ప్రాజెక్టుకి అది పరిధి బయట అని మొదటి అధ్యాయంలోనే రాసెయ్. సంతకం వల్ల పెరిగే బైట్లను మాత్రం బీకన్ సైజులో కలుపు, లేకపోతే ఛానల్ లెక్క తక్కువ చూపిస్తుంది.